నాయకుని శాసనము – జాతి స్వభావము

శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు రాజధర్మములను బోధించుచు, కాలము రాజునకు కారణమా, రాజు కాలమునకు కారణమా యను సందేహమునకు తావీయవలదనియు, కాలమునకు రాజే కారణమనియు నిశ్చయించి చెప్పెను. "యథా రాజా తథా ప్రజా" అను లోకోక్తియు ఆ మాటకు తోడుపడునదే. ఐనను పల్లెపట్టుల అనుభవము వేరొకటి కలదు. రాజులు మారిరి, రాజ్యములు మారెను, శిస్తు వసూలు చేయువారి తలపాగాలు మారెను. కాని నాట్లువేయునాటి పాట, పెండ్లిపీటల ముచ్చట, బిడ్డను నిద్రపుచ్చు జోల తమ దారిని తాము సాగుచునే వచ్చినవి. ఈ రెంటిలో ఏది సత్యము? ఒక నాయకుడు తన జాతి సంస్కృతిని నిజముగా ఎంతవరకు మార్పగలడు?

రసాయనశాస్త్రజ్ఞునకు వలె చరిత్రకారునకు ప్రయోగశాల లేదు. కాని కొన్ని దేశముల చరిత్ర ప్రయోగశాలకు చాల దగ్గరగా నుండును. అట్టివానిలో టర్కీ దేశ చరిత్ర ముఖ్యమైనది. ఏలయన ముస్తఫా కెమాల్ పాషా చేసినన్ని మార్పులను అంత స్వల్పకాలములో శాసనముచే చేయబూనిన నాయకులు బహు అరుదు. అతడు 1881లో సలోనికా నగరమున జన్మించెను; 1938 నవంబరు 10న మరణించెను. అతని మరణానంతరము ఎనుబది ఏండ్లకు పైగా గడచినవి. ఏ మార్పు నిలిచినది, ఏది నిలువలేదు అని లెక్క చూచుటకు ఈ కాలము చాలును.

మొదటి ప్రపంచయుద్ధమున ఓడిన ఒట్టోమను సామ్రాజ్యము ముక్కలై, 1919లో గ్రీకు సైన్యము స్మిర్నా రేవున దిగునాటికి ఆరిపోవు దీపమువలె నుండెను. కెమాల్ అనటోలియా నడుమ సైన్యమును కూర్చి, 1922 నాటికి శత్రువులను వెడలగొట్టెను. ఆ వెంటనే మార్పులు ఒకదాని వెనుక నొకటి వచ్చినవి. 1922 నవంబరు 1న సుల్తాను పదవి రద్దయ్యెను. 1923 అక్టోబరు 29న గణరాజ్యము ప్రకటింపబడెను. 1924 మార్చి 3న ఖలీఫా పదవియు తొలగింపబడెను. 1925లో ఫెజ్ అను ఎర్రని కుచ్చుటోపీని ధరించుట నేరమయ్యెను. దర్వేషుల మఠములు మూతపడెను. 1926లో పాశ్చాత్య పంచాంగము, స్విట్జర్లాండు దేశపు మాదిరి పౌరస్మృతి అమలులోనికి వచ్చినవి, బహుభార్యాత్వము నిషిద్ధమయ్యెను. 1928లో లిపి మారెను. 1934లో ప్రతి కుటుంబమును ఇంటిపేరు పెట్టుకొనవలెనని శాసించిరి. ఆ సంవత్సరమే స్త్రీలకు శాసనసభ ఎన్నికలలో ఓటుహక్కు లభించెను. ఆ పిమ్మట జరిగిన ఎన్నికలతో 18 మంది స్త్రీలు సభలో ప్రవేశించిరి. 1935లో వారపు సెలవు శుక్రవారమునుండి ఆదివారమునకు మారెను. పదమూడేండ్లలో ఇన్ని మార్పులు! పట్టిక చూచినవారికి భీష్మవాక్యమే నిజమని తోచుట సహజము.

కాని ఈ మార్పులలో కెమాల్ మెదడున మొదటిసారి పుట్టినవి కొన్నియే. సుల్తాను రెండవ మహమూదు 1826లో జానిసరీ సైన్యమును రూపుమాపి కొత్త సైన్యమును నిర్మించెను. 1831లో ప్రభుత్వపత్రిక వెలువడెను. 1839లో తంజీమాత్ అనబడు సంస్కరణయుగము మొదలయ్యెను. 1868లో ఇస్తాంబుల్‌లో ఫ్రెంచి పద్ధతిని గలతసరాయ్ పాఠశాల వెలసెను. సైనికవిద్యాలయములలో చదివిన యువకులు ఫ్రెంచి గ్రంథముల నుండి జాతి, పౌరుడు, రాజ్యాంగము అను భావములను రెండు తరములుగా నేర్చుకొనుచుండిరి. కెమాల్ కూడ అట్టి విద్యాలయముల నుండి వచ్చినవాడే. టర్కీ జాతీయత యను భావమునకు శాస్త్రరూపము కల్పించినవాడు జియా గోకల్ప్ అను పండితుడు. అతని ముఖ్యగ్రంథము 1923లో వెలువడినది.

లిపి విషయమును చూచినను అంతియే. టర్కీ భాషకు ఎనిమిది అచ్చులున్నవి. అరబ్బీ లిపిలో వానిని చూపుటకు గల గుర్తులు బహుస్వల్పము. ఒకే వ్రాతను రెండుమూడు విధముల చదువుటకు వీలుండెడిది. పలికినట్లు వ్రాసి, వ్రాసినట్లు చదువుకొను తెలుగువారికి ఆ చిక్కు వెంటనే బోధపడదు. మునీఫ్ పాషా 1862లోనే ఈ లోపమును గూర్చి పండితసభలో ప్రసంగించెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఎన్వర్ పాషా అక్షరములను విడివిడిగా వ్రాయు పద్ధతిని సైన్యములో ప్రవేశపెట్టి, అది సాగక విడిచిపెట్టెను. 1926లో బాకూ నగరమున చేరిన పండితులు రష్యా ఏలుబడిలోని టర్కీ జాతులకు లాటిన్ లిపియే తగునని తీర్మానించిరి. కావున 1928 ఆగస్టు 9 రాత్రి ఇస్తాంబుల్ ఉద్యానవనమున కెమాల్ కొత్త అక్షరములను ప్రకటించునప్పటికి, ఆ చర్చ వయస్సు అరువదియారు సంవత్సరములు.

అట్లని నాయకుని పాత్ర స్వల్పమనుటయు పొరపాటే. ఆ అరువదియారేండ్లలో మాటలే నడచినవి గాని పని నడువలేదు. లిపి సంఘమువారు మార్పునకు ఐదేండ్లయిన పట్టునని చెప్పగా, మూడు నెలలలో జరుగనిచో ఎన్నటికిని జరుగదని కెమాల్ నిశ్చయించినట్లు ఆ సంఘసభ్యుడొకడు వ్రాసియున్నాడు. అతడు నల్లబల్ల ప్రక్కన నిలిచి, సుద్దముక్క చేతబట్టి, ఊరూర ప్రజలకు అక్షరములు నేర్పెను. నవంబరు 1న శాసనమయ్యెను. 1929 జనవరి 1 నుండి పుస్తకములన్నియు కొత్త లిపిలోనే అచ్చుపడవలసి వచ్చెను. ఆ దినముననే వయోజనులకు జాతీయ పాఠశాలలు తెరువబడెను. పండితులు సిద్ధపరచిన కట్టెకు నిప్పు పెట్టినవాడు నాయకుడే. కట్టె లేక నిప్పు నిలువదు. నిప్పు లేక కట్టె వెలుగదు.

ఇందులకు ప్రతిదృష్టాంతము ఆఫ్గనిస్థానము. అమానుల్లా రాజు 1927–28లో ఐరోపా పర్యటించి, టర్కీని కూడ దర్శించి, స్వదేశమునకు మరలి, కెమాల్ చేసిన పనులే తానును చేయబూనెను. కాబూలు పౌరులు పాశ్చాత్య దుస్తులు ధరింపవలెనని ఆజ్ఞాపించెను. తెగలు తిరుగబడినవి. టర్కీలో కొత్త అక్షరములు అమలులోనికి వచ్చిన 1929 జనవరి నెలలోనే అమానుల్లా సింహాసనమును వీడి పారిపోవలసి వచ్చెను. ఇద్దరి కోరికలును ఒకటియే. కాని కెమాల్‌కు వెనుక యుద్ధములో గెలిచిన సైన్యము, నూరేండ్లుగా పెరిగిన ఉద్యోగవర్గము, చదువుకొన్న ఉపాధ్యాయులు ఉండిరి. అమానుల్లాకు తన సైనికులకు సరిగా జీతమిచ్చు శక్తియైనను లేదు. ఇరానులో రెజా షా 1936లో స్త్రీల ముసుగును బలవంతముగా తీయించెను. 1941లో అతడు గద్దె దిగగానే అనేకులు మరల ముసుగును ధరించిరి. నాయకుని సంకల్పమొక్కటే చాలునట్లయిన ఈ మూడు దేశముల కథలును ఒక్కతీరుననే ముగిసియుండెడివి.

ఇక టర్కీలోనే ఏవి నిలిచినవి, ఏవి నిలువలేదు అన్నది పరిశీలింపదగినది. లిపి నిలిచినది. 1927 జనగణన నాటికి అక్షరాస్యులు నూటికి పదిమంది మాత్రమే. పాత లిపిని కోల్పోయి నష్టపడినవారు కొలదిమంది. కొత్త లిపిని మొదటిలిపిగా నేర్చుకొన్నవారు కోట్లకొలది. 1935 నాటికి నూటికి ఇరువదిమంది, 1950 నాటికి దాదాపు మూడవవంతు చదువనేర్చిరి. నేడు నూటికి తొంబదియైదుగురికి మించి అక్షరాస్యులు. బడికి పోయిన ప్రతి బిడ్డయు ఆ మార్పును మరింత స్థిరపరచెను.

నమాజు పిలుపు విషయము దీనికి వ్యతిరేకము. 1932లో అరబ్బీలో గాక టర్కీ భాషలోనే ఆ పిలుపు నీయవలెనని ఏర్పాటు చేసిరి. 1941లో ధిక్కరించినవారికి శిక్షయు విధించిరి. పదునెనిమిదేండ్లు ఆ ఏర్పాటు సాగెను. 1950 మే నెలలో జరిగిన ఎన్నికలలో కెమాల్ స్థాపించిన పక్షము ఓడిపోయెను. కొత్త సభ చేసిన మొదటి పనులలో ఒకటి, జూన్ 16న అరబ్బీ పిలుపుపై నున్న నిషేధమును తొలగించుట. ఆ క్షణము నుండి మసీదులలో పాత పిలుపే వినవచ్చెను. పదునెనిమిదేండ్ల శాసనము ఒక్కనాటిలో కరగిపోయెను. చదువు మానవునకు కొత్త అవసరమును తీర్చెను గనుక లిపి నిలిచెను. పిలుపు మార్పు ఏ అవసరమును తీర్పలేదు. అది హృదయమున నున్నదానిని తీసివేయజూచెను.

ఇంతకన్న చిన్న విషయమొకటి కలదు. అది మిక్కిలి బోధప్రదము. 1934లో 'బే', 'ఎఫెందీ', 'పాషా' మొదలగు బిరుదములను శాసనము రద్దుచేసెను. ఇంటిపేరుతో పిలువవలెనని ప్రభుత్వము కోరెను. కెమాల్‌కు సభవారు 'అతాతుర్క్' అనగా 'తురుష్కుల తండ్రి' అను ఇంటిపేరు నిచ్చిరి. కాని నేటికిని టర్కీలో ఆఫీసులోగాని అంగడిలోగాని పురుషుని పేరునకు 'బే' అనియు, స్త్రీ పేరునకు 'హనుమ్' అనియు చేర్చి పిలుచుటయే మర్యాద. ఇంటిపేరు కాగితములపై నిలిచినది. నోటిమాటలో పాత మర్యాద నిలిచినది. సంగీతము సంగతియు నిట్టిదే. 1934లో రేడియోలో సంప్రదాయ సంగీతమును నిషేధింపగా శ్రోతలు అరబ్బు దేశముల రేడియోకు చెవియొగ్గిరి. రెండేండ్లలోపుననే నిషేధము తొలగింపవలసి వచ్చెను. పౌరస్మృతి వచ్చినను పల్లెలలో ఇమాము చేయించు వివాహమే వివాహమయ్యెను. అట్టి దంపతుల బిడ్డలకు చట్టబద్ధత కల్పించుటకు శాసనసభ పలుమారులు ప్రత్యేక చట్టములు చేయవలసిన వాడయ్యెను.

ఒక్కొక్కప్పుడు శాసనమే ఆచారముగా మారుటయు కలదు. ఫెజ్ టోపీ కథయే ఇందులకు సాక్ష్యము. 1829 ప్రాంతమున దానిని ఉద్యోగుల తలపై తలపాగాకు మారుగా పెట్టించినవాడు సుల్తాను మహమూదు. ఆనాడు అది పరాయి వేషమని పలువురు అసహ్యించుకొనిరి. నూరేండ్లు తిరుగకుండ అదే టోపీ మతచిహ్నమైనది. 1925లో దానిని విడువజాలక ఎర్జురుం, రిజే మొదలగు పట్టణములలో ప్రజలు తిరుగబడగా, కొందరు ఉరికంబ మెక్కిరి. ఒక రాజు బలవంతముగా పెట్టిన టోపీని కాపాడుకొనుటకై అతని ప్రజల మునిమనుమలు ప్రాణములర్పించిరి. కావున ఏది జాతి సంప్రదాయము, ఏది రాజాజ్ఞ అను గీత కాలము గడచినకొలది చెరిగిపోవుచుండును.

భాషలో కలిగిన మార్పు ఈ రెండు కొనలకు నడిమిది. 1932లో ఏర్పడిన భాషాసంఘము అరబ్బీ, పారసీ పదములను తొలగించి దేశ్యపదములను కల్పించుటకు పూనుకొనెను. 'మెక్తెప్' అను పాత పదము పోయి 'ఒకుల్' అను కొత్త పదము బడికి పేరై నిలిచెను. కాని పుస్తకము 'కితాప్' గానే మిగిలెను. గ్రంథాలయము నేటికిని 'కుతుఫానే' యే. హైదరాబాదు పాతబస్తీలో 'కుతుబ్‌ఖానా' అను మాట విన్నవారికి అది కొత్త కాదు. గణరాజ్యమునకు పెట్టిన 'జుమ్‌హురియెత్' అను పేరే అరబ్బీ ధాతువు నుండి పుట్టినది. 1934లో స్వీడను యువరాజు రాకనాడు కెమాల్ కొత్త పదములతో నిండిన ఉపన్యాసము చదివెను; అది విన్నవారికి బోధపడలేదు. పిమ్మట అతడే కొంత వెనుకకు తగ్గెను. ఐనను సంఘము పని ఆగలేదు. ఫలితముగా ఒక వింత జరిగెను. కెమాల్ 1927 అక్టోబరున ఆరు దినములు, ముప్పదియారు గంటలు చదివిన మహోపన్యాసము ఆ గణరాజ్యమునకు మూలగ్రంథము వంటిది. రెండు తరములు గడచునప్పటికి, బడిపిల్లలకు దానిని వాడుక టర్కీలోనికి మార్చి యీయవలసి వచ్చెను. తాను తెచ్చిన మార్పు వలన నాయకుని మాటయే మనుమలకు పరభాషయయ్యెను.

ఇచ్చట ఆగి నష్టమును గూర్చి ఆలోచింపవలెను. ఆరు శతాబ్దుల కవిత్వము, చరిత్ర, భూమిపత్రములు, సమాధులపై చెక్కిన తాతల పేర్లు — ఇవి యన్నియు ఒక తరములో సామాన్యునకు మూగబోయెను. వానిని చదువుట నేడు విశ్వవిద్యాలయములలో శిక్షణపొందిన నిపుణుల పని. పదిలక్షలమందికి అక్షరమిచ్చిన చేయియే పాత గ్రంథాలయమునకు తాళము వేసినది. ఈ రెండును ఒకే మార్పునకు రెండు ముఖములు. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట చరిత్ర కాదు.

జాతి స్వరూపము విషయమున మరింత కఠినమైన సత్యము కలదు. ఒట్టోమను కాలమున 'తుర్క్' అను మాట నగరవాసుల నోట పల్లెటూరి మొరటువానిని సూచించెడిది. దానిని గౌరవనామముగా మార్చుట కెమాల్ తరము సాధించిన నిజమైన విజయము. కాని ఆ ఏకరూపమైన జాతిని ఏర్పరచినది బోధ మాత్రమే కాదు. 1915లో ఆర్మీనియనులు స్వస్థలముల నుండి వెడలగొట్టబడి లక్షలమంది హతులైరి. 1923లో లోజాన్ నగరమున కుదిరిన ఒడంబడిక ననుసరించి సుమారు 12 లక్షల క్రైస్తవులు గ్రీసునకును, దాదాపు 4 లక్షల ముస్లిములు టర్కీకిని మారవలసి వచ్చెను. ఆ మార్పిడికి కొలబద్ద భాష కాదు, మతము. టర్కీ భాష తప్ప మరొకటి ఎరుగని క్రైస్తవులు గ్రీసునకు పోయిరి. గ్రీకు మాటలాడు క్రీటు ద్వీపపు ముస్లిములు టర్కీకి వచ్చిరి. మిగిలిన పెద్ద భిన్నజాతి కుర్దులు. వారును తురుష్కులే యని ప్రభుత్వము చాటెను. 1925లో వారి తిరుగుబాటును అణచెను. 1983లో వారి భాషలో ప్రచురణలను చట్టముచే నిషేధించి, 1991లో ఆ చట్టమును తొలగించిరి. 2009లో ప్రభుత్వమే కుర్దు భాషకు ప్రత్యేక టెలివిజన్ చానలును మొదలుపెట్టెను. తల్లి ఉయ్యాల యొద్ద పలుకు భాషను ఏ శాసనమును తుడిచివేయలేకపోయెను.

ఖలీఫా పదవి రద్దగుట భరతఖండమును కూడ కదలించెను. ఆ పదవిని నిలుపుటకై 1919 నుండి ఖిలాఫతు ఉద్యమము నడచెను; గాంధీ మహాత్ముడు దానిని సహాయనిరాకరణముతో కలిపి నడపెను. చెరసాలలకు పోయిన వారెందరో కలరు. తీరా 1924లో ఆ పదవిని తొలగించినవారు ఆంగ్లేయులు కారు, తురుష్కులే. దేశము వెడలిన కడపటి ఖలీఫా అబ్దుల్ మజీదునకు హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ భరణ మేర్పరచెను. 1931లో ఖలీఫా కుమార్తె దుర్రుషెహ్వార్‌కును నిజాము పెద్దకుమారుడు ఆజం జాహ్‌కును ఫ్రాన్సులోని నీస్ నగరమున వివాహమయ్యెను. ఆమె పేర వెలసిన ఆసుపత్రి హైదరాబాదు పాతబస్తీలో నున్నది. ఇస్తాంబుల్‌లో ఒక్క రాత్రిలో ముగిసిన సంస్థపై భక్తి దూరదేశములలో ఇంకను నిలిచియుండెనని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

మరి పల్లె మారెనా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు మహ్మూత్ మకాల్ అను పల్లెటూరి యువ ఉపాధ్యాయుడు. 'మా ఊరు' అను అర్థమిచ్చు అతని పుస్తకము 1950లో వెలువడెను. గణరాజ్యము వచ్చి ఇరువదియేడేండ్లైనను అనటోలియా పల్లెలో ఆకలి, చలి, రోగము, మూఢవిశ్వాసము ఎట్లున్నవో అతడు కన్నది కన్నట్లు వ్రాసెను. పాలకులు అతనిని కొన్నాళ్లు నిర్బంధించిరి. నగరములో టోపీ మారెను. పల్లెలో కంచము మారలేదు.

కాని ఆ పుస్తకము వ్రాయగల పల్లెబిడ్డ ఎచ్చటినుండి వచ్చెను? 1940 ఏప్రిల్‌లో చేసిన చట్టము ననుసరించి స్థాపింపబడిన గ్రామవిద్యాలయముల నుండి. అట్టివి 21 వెలసినవి. పల్లెపిల్లలు అచ్చట సేద్యము, వడ్రంగము, చదువు కలిపి నేర్చి, ఉపాధ్యాయులై తమ పల్లెలకే తిరిగి పోయిరి. సుమారు 17 వేలమంది ఉపాధ్యాయులు అట్లు తయారైరి. 1932 నుండి పట్టణములలో వెలసిన ప్రజాభవనములు 1950 నాటికి 470కి మించెను. వాని తొమ్మిది శాఖలలో గ్రంథాలయ మొకటి. ప్రజాభవనములను 1951లోను, గ్రామవిద్యాలయములను 1954లోను పాలకులే మూసివేసిరి. కట్టిన చేయియు నాయకులదే, మూసిన చేయియు నాయకులదే. ఐనను అచ్చట చదువుకొన్నవారి చదువును మూయుట ఎవరి తరమును కాలేదు. ఆ బడులు పోయిన తరువాత కూడ వాని విద్యార్థులు అనేక దశాబ్దములు టర్కీ సాహిత్యమునకు పల్లెగొంతునిచ్చిరి.

నాయకులు తమ తరువాతి నాయకులను కట్టిపడవేయజాలరనుటకు మరొక సాక్ష్యము అయా సోఫియా. 1934లో మంత్రివర్గ నిర్ణయముచే అది మసీదు నుండి ప్రదర్శనశాలగా మారెను. 2020 జూలైలో మరల మసీదయ్యెను. విశ్వవిద్యాలయములలో స్త్రీల తలగుడ్డపై 1980 తరువాత బిగించిన నిషేధమును మరొక ప్రభుత్వము 2010 తరువాత సడలించెను. పైనుండి ఆజ్ఞగా వచ్చినది పైనుండియే ఆజ్ఞగా పోవును. కాని స్త్రీల ఓటుహక్కును తీసివేయుదునని గాని, పాత లిపిని దేశమంతట మరల తెత్తునని గాని పూనుకొని నెగ్గిన ప్రభుత్వము నేటివరకు లేదు. ఏలయన అవి ఆజ్ఞలుగా మొదలై, ప్రజల సొత్తులైనవి.

కావున భీష్ముని మాటను త్రోసిపుచ్చనక్కరలేదు. దానికి కొంత వివరణ చేర్చిన చాలును. రాజు కాలమునకు కారణమగునది, కాలము లోలోపల సిద్ధపరచిన పనిని ధైర్యముతో చేపట్టునప్పుడు. చట్టము, లిపి, పంచాంగము, పాఠశాల — ఇవి నాయకునకు లోబడును. పిలుపు, పాట, మ్రొక్కు, ఉయ్యాల భాష — ఇవి లోబడవు. ఈ రెంటి నడుమ నున్న విశాలమైన పొలమును దున్నువారు ఉపాధ్యాయులు, రచయితలు, పుస్తకమును చేతబట్టుకొని వీధి అరుగుపై పదిమందికి చదివి వినిపించువారు. నాయకుని పేరు శిలపై నిలుచును. మార్పు నిలుచుట మాత్రము వీరి చేతిలోనిది. ఇరువదియైదేండ్లుగా ప్రతి సాయంకాలము దీపము వెలిగించి తలుపు తెరచిన ఒక పల్లె గ్రంథాలయము జాతి స్వభావమును మలచుటలో పొందిన భాగము ఏ శాసనగ్రంథమునను వ్రాయబడదు. కాని అచ్చట మొదటి పుస్తకము తీసికొని పోయిన బాలుడు ఈనాడు తన బిడ్డను వెంటబెట్టుకొని వచ్చుచున్నచో, ఆ లెక్క అచ్చటనే సరిపోయినదని గ్రహింపవలెను.